వరద సీనులో మా పోపో

ఓక్లాండ్
జనవరి 11, 2009

గుంగ్‌గుంగ్‌కి,

మొన్న ఫోన్లో నేను "ఎలా ఉన్నావు" అంటే నువ్వు "తిన్నాను" అన్నావు. "డాక్టరు ఏమన్నాడు" అంటే "ఇక్కడ వానేమీ లేదు" అన్నావు. నా అరుపులు మా వీధి వీధంతా విన్నది, నువ్వు తప్ప. అందుకే ఇకమీదట ఉత్తరాలే అని అమ్మా నేనూ తీర్మానించాం. అమ్మకి నాన్నవి కాబట్టి నీతో పోట్లాడే హక్కు ఆవిడకెంత ఉందో నాకూ అంతే ఉంది, కాగితం మీదైనా సరే.

ముందు మంచి కబురు. మా సినిమా హాలు వాళ్ళు ఈ వేసవి దాకా ఆదివారం మధ్యాహ్నం ఆటలు నా చేతిలో పెట్టారు. పాత హాలీవుడ్ సినిమాలు, నువ్వు కుర్రాడిగా ఉన్ననాటివి. ఏవి వెయ్యాలో నేనే చెప్పాలి, ఆటకి ముందు స్టేజీ ఎక్కి నాలుగు ముక్కలూ నేనే మాట్లాడాలి. వారపత్రికలో నా కాలమ్ ఎలాగూ ఉంది.

కాబట్టి కుప్పలు తెప్పలుగా చూస్తున్నాను. నా అభిప్రాయాలు విను. వాళ్ళు మాట్లాడినంత వేగంగా లోకంలో ఏ మనిషీ మాట్లాడడు, కానీ ఆ మాటలు వింటే కడుపు నిండుతుంది. ఆడదాని ముఖం మీద వెలుగు ఎక్కడ వెయ్యాలో వాళ్ళకి తెలిసినంత ఇప్పటివాళ్ళకి తెలీదు. ఇక తిట్లు. మొగుడికీ పెళ్ళానికీ చెరో మంచం, మధ్యన ఓ బల్ల. పిల్లలెలా పుట్టారో ఆ స్టూడియో వాళ్ళకే తెలియాలి. మగాడు చెంప పగలగొడితే ఆడది వెంటనే ప్రేమలో పడుతుంది. సంగీతం ఒక్క నిమిషం నోరు ముయ్యదు. హీరోయిన్ ఎంత తెలివైనదైనా ఆఖరి రీలుకి ఉద్యోగం వదిలి వంటింటి దారి పడుతుంది. అయినా అన్నీ భరిస్తాను, ఇష్టంగానే భరిస్తాను.

భరించలేనిది ఒక్కటే, 'వరిగాలి'. పేరు విని ఉంటావు. చైనా పల్లె, కరువు, వరద. హీరోయిన్ ఇసడోరా వేన్ కంటి కొసల్ని జిగురు పట్టీలతో వెనక్కి లాగి కట్టుకుని చైనా రైతుపిల్లనంటుంది. ఆవిడ వెనక అసలైన చైనావాళ్ళు నోరూ వాయీ లేకుండా నిలబడి ఉంటారు. అందులో ఒక ముసలి నౌకరున్నాడు, తెల్లగడ్డం వాడు, దొరసాని తుమ్మినా నడుము విరిగేలా వంగుతాడు. వాణ్ణి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. జాబితాలోంచి ఆ సినిమాని కొట్టేశాను. కాలమ్‌లో కూడా రాసేశాను, ఇలాంటివి డబ్బాల్లో పడుకుని ఉన్నాయి, లేపకండి అని. జనం మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

అమ్మ బాగానే ఉంది.

మెరెడిత్

*

లాస్ ఏంజిలిస్, చైనాటౌన్
జనవరి 19

మేయ్,

నువ్వు మెరెడిత్ అని సంతకం పెట్టినా నాకు మేయ్‌వే. భూతద్దం పెట్టుకుని చదివాను. చదివి నవ్వాను. ఆ ముసలి నౌకరు నేనే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. గడ్డం మేకవెంట్రుకలది. సాయంత్రం పీకుతుంటే చర్మం దానితోపాటే వచ్చేది. నడుము విరిగేలా వంగాడని రాశావు చూడు, అరవై ఏళ్ళలో నా నటనకి వచ్చిన విమర్శ అదొక్కటే. దాచుకుంటాను. ఆ డైరెక్టరుకి అది కూడా చాలలేదు, ఇంకా వంగమనేవాడు.

రెండు మంచాల గురించీ చెంపదెబ్బల గురించీ నువ్వన్నది నిజం. జిగురు పట్టీల గురించి కూడా నిజమే, ఆవిడ పక్కన నిలబడితే జిగురు వాసన వచ్చేది. కానీ ఒకచోట పప్పులో కాలేశావు. నువ్వు తెర ముందు భాగం చూస్తున్నావు. చైనాటౌన్‌లో మేమెవరమూ ముందుభాగం చూసేవాళ్ళం కాదు. హీరోయిన్ కుమిలిపోతుంటే మా కళ్ళు ఆవిడ భుజం వెనక ఉండేవి. "అదుగో లాండ్రీ మామయ్య," "ఆ మోచెయ్యి మా అత్తది, నేను గుర్తుపట్టనా" అని వరసంతా గోల. మా మనుషుల్ని చూసుకోవడానికి టిక్కెట్టు కొనేవాళ్ళం. కథ ఎవడిక్కావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ సినిమా వెయ్యి. అందులో నీ పోపో ఉంది. నా సుయ్ ఫాంగ్, మీ అమ్మని కన్న తల్లి. వరద సీనులో నడుంలోతు నీళ్ళలో నిలబడి అరుస్తుంది. సినిమా బయటికి వచ్చేలోపే క్షయతో పోయింది. మీ అమ్మ లొరైన్‌కి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. తల్లి ఫోటోలు రెండో మూడో దానికి మిగిలాయి, గొంతు మిగల్లేదు. మాబోటివాళ్ళ గొంతులు ఆ రోజుల్లో ఎవరు పట్టి ఉంచారు గనక? "అమ్మ ఎలా మాట్లాడేది నాన్నా" అని చిన్నప్పుడు అడిగేది. నేను అనుకరించబోయేవాణ్ణి, అది నా ముఖం చూసి నవ్వేసేది.

ఆ సినిమా మళ్ళీ ఎక్కడా కనబడలేదు. నాశనమైపోయిందని ఎవరో అన్నారు, నమ్మాను. లేనిదాని గురించి పిల్లకి చెప్పి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను. ఉందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

లొరైన్ తన తల్లి గొంతు ఒక్కసారి వినాలి. నాకు ఇంకేమీ వద్దు.

నీ గుంగ్‌గుంగ్

*

ఓక్లాండ్
ఫిబ్రవరి 2

గుంగ్‌గుంగ్‌కి,

గడ్డం విషయంలో నా చెంపలు నేనే వాయించుకున్నాను.

డిస్కు మళ్ళీ పెట్టాను. ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూశాను. లాభం లేదు. ఎప్పుడో టీవీ కోసం ప్రకటనలకి చోటు చేస్తూ కత్తిరించిన ప్రతి నుంచి ఈ డిస్కు తీశారు. వరద ఇలా వచ్చి అలా పోతుంది, అంతా బాకాల మోత. పోపో కనబడదు, వినబడదు. పూర్తి ప్రతి ఒక ఫిల్మ్ భాండాగారంలో ఉందని కనుక్కున్నాను. ఇళ్ళకి ఇవ్వరు. జనానికి వేస్తామంటేనే హాలుకి పంపుతారు.

అక్కడే వచ్చింది చిక్కు. నిన్ను బాధపెట్టాలని కాదు, ఉన్నమాట చెప్తున్నాను. ఒక్క అరుపు కోసం రెండు గంటల అవమానాన్ని హాలునిండా జనానికి ఎలా చూపించను? ఆ జనంలో చిన్నపిల్లలుంటారు, మన పిల్లలే. తెర మీద నోరులేని గుంపుగా వాళ్ళు తమని తాము చూసుకోవాలా? పైగా దీన్ని లేపకండని నేనే రాశాను. ఇప్పుడు మా అమ్మమ్మ ఉందట, లేపుతున్నాను అంటే ఏ ముఖం పెట్టుకుని స్టేజీ ఎక్కను? రేపు ఇంకొకడు వాళ్ళ తాతకోసం ఇంకో చెత్త వెయ్యమంటాడు.

అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పి ఆశపెట్టి తర్వాత కాదనలేను. అమ్మ బాగానే ఉంది, కాస్త అలసటగా ఉంటోంది, అంతే. నన్ను తిట్టుకోకు.

మెరెడిత్

*

లాస్ ఏంజిలిస్
ఫిబ్రవరి 10

మేయ్,

తిట్టుకోకు అన్నావు గనక తిట్టే రాస్తున్నాను.

నోరులేని గుంపా? ఎవరికే నోరు లేనిది? ఆ సినిమా మొదటినుంచి చివరిదాకా మా నోళ్ళే. నీకు మన ఊరివైపు చైనీసు, మన తోయ్‌సాన్ మాట, రాదు కాబట్టి వినబడలేదు. ఎలా పనిచేసేవాళ్ళమో చెప్తాను. డైరెక్టరు రేకు బూరా పట్టుకుని "చైనీసులో అరవండి, ఏదైనా సరే" అనేవాడు. వాడికీ రాదు, వాడి పక్కనున్న వాళ్ళెవరికీ రాదు. ఏదైనా సరే అన్నాక ఇంకేం. కరువు సీనులో ఒక ముసలాయన ఆకలితో కూలిపోతూ దీనంగా మూలుగుతాడు చూడు, ఏమంటున్నాడనుకున్నావు? "మధ్యాహ్నం పంది కూరలో ఉప్పెక్కువైంది" అంటున్నాడు. పెళ్ళి సీనులో పురోహితుడు చదివిన మంత్రాలు వాళ్ళ హోటల్లో వంటకాల పేర్లు. సినిమా వచ్చినప్పుడు హాలంతా ముక్కులు చీదుకుంటుంటే మా రెండు వరసలూ పడీ పడీ నవ్వేవట. టార్చిలైటువాడు కసరడానికి వచ్చి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోయేవాడు.

నన్ను వంగబెట్టారు, నిజమే. కానీ మా నోళ్ళని ఎవడూ వంగబెట్టలేదు. నువ్వు ఆ డబ్బా మూత మూస్తే మూయించేది ఇసడోరా వేన్ నోరు కాదు, ఆవిడకి వేరే సినిమాలు బోలెడున్నాయి. మా నోళ్ళు మూతపడతాయి.

పోపో ఏమని అరిచిందో నాకు తెలీదు. ఆ రోజు నేను స్టూడియో లోపల గడ్డం పెట్టుకుని టీ పోస్తున్నాను. వాళ్ళని ఊరవతల కొండల కింద తవ్విన చెరువులో, డిసెంబరు చలిలో పొద్దుటినుంచీ నిలబెట్టారు. బస్సు దిగి వచ్చి, "డైరెక్టరుని వాడి ముత్తాతల దాకా తిట్టేశాను, వాడు అద్భుతమని మళ్ళీ అరవమన్నాడు" అని నవ్వింది. సినిమా ఆడుతున్నప్పుడు వెళ్ళాను. ఆమె పోయి అప్పటికి రెండు నెలలు. వరద మొదలవుతుందనగా లేచి వచ్చేశాను. తలుపు అవతల నిలబడితే సంగీతం ఆగిపోవడం తెలిసింది, ఇక ఆగలేక రోడ్డు మీదికి వెళ్ళిపోయాను. వినే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత చెవులే లేకుండా పోయాయి. ఇప్పుడు నువ్వు వేసినా నాకు వినబడదు, కాబట్టి నాకోసం అడుగుతున్నానని అనుకోకు.

కోపంగానే
గుంగ్‌గుంగ్

*

ఓక్లాండ్
మార్చి 8

గుంగ్‌గుంగ్‌కి,

సినిమా వేస్తున్నాను. మే పదిహేడు, ఇరవై నాలుగు, రెండు ఆదివారాలు.

నీ తిట్లు పనిచేశాయని విర్రవీగకు. పంది కూర పనిచేసింది. ఆ ముసలాయన మూలుగు మళ్ళీ విన్నాను, ఈసారి నవ్వాపుకోలేకపోయాను. నాకు తెలియని భాషని నిశ్శబ్దం అనుకున్నాను. అది నా పొరపాటు.

ఇంకొకటి కూడా ఉంది. నీతో చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది, ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అమ్మకి వినికిడి పోతోంది. మీ వంశం చలవ. ఎడమ చెవి పోయినేడే పూర్తిగా మూసుకుపోయింది. కుడి చెవికి ఏడాది గడువు ఇచ్చింది డాక్టరమ్మ, అంతకన్నా ముందే కావచ్చునంది. యంత్రం పెట్టుకుంటే చప్పుళ్ళు తెలుస్తాయిగానీ మాటలు ముద్దయిపోతాయి. "బాగానే ఉంది" అని నీకు రాసిన ప్రతిసారీ అబద్ధమే రాశాను. నువ్వు ఆ సినిమా వెయ్యి అన్నప్పుడు మొదట భయం వేసింది కూడా అందుకే. ఆశపెట్టి, తీరా ఆ రోజు అమ్మకి వినబడకపోతే?

నిన్న అమ్మకి చెప్పేశాను. సింకు దగ్గర మొలకలు కడుగుతోంది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. జల్లెడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, నీళ్ళు కాళ్ళమీద కారుతున్నా చూసుకోలేదు. చివరికి "ఏ తారీఖు?" అంది. మన మాట అమ్మకి బాగా వచ్చు కదా, మీ అమ్మ పెంపకం. ఏం అరిచినా పట్టుకుంటుంది, చెవిలో పడితే చాలు.

మా హాలు కమిటీ పెద్ద హాస్కెల్ "నీకు మతి పోయిందా, నువ్వే కదా వద్దన్నావు" అన్నాడు. కొత్త కాలమ్ రాసి అతని చేతిలో పెట్టాను. పాత మాట ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. "వరిగాలి చెడ్డ సినిమా. మా తాతా అమ్మమ్మా అందులో ఉన్నారు. వేస్తున్నాను, వచ్చి చూడండి" అని రాశాను. అభిప్రాయం అభిప్రాయమే, అమ్మ అమ్మే.

నువ్వూ రావాలి.

మెరెడిత్

*

లాస్ ఏంజిలిస్
ఏప్రిల్ 3

మేయ్,

లొరైన్ సంగతి చదివి కాసేపు ఏడ్చాను. నా ముక్కూ నా మొండితనమూ వచ్చాయి, చాలవా, చెవులు కూడానా? నాకు తెలిసిపోయిందని దానికి చెప్పు. ఇక నా దగ్గర దాపరికం అక్కర్లేదని, చెవుడుతో కాపరం ఎలా చెయ్యాలో నేను నేర్పుతాననీ చెప్పు. పెద్ద కష్టమేమీ కాదు, చాలామంది మాటలు వినకపోయినా నష్టముండదు.

నేను రాను. నాకు వినబడదు. దాని ముఖం చూస్తూ కూర్చోవాలి, అది నావల్ల కాదు. ఒకసారి లేచి వచ్చేసినవాణ్ణి, మళ్ళీ లేచి వచ్చేస్తే నవ్వులపాలవుతాను.

లొరైన్‌ని, పుట్టినప్పటినుంచీ మేం ఇంట్లో పిలిచే పేరున నా 'ఆ లాన్'ని, హాల్లో ఎడమ చివర కూర్చోబెట్టు, కుడి చెవి హాలు మధ్యకి ఉండేలా. మెషీన్ దగ్గర ఉండేవాడితో ముందే మాట్లాడు, ఆ రీలుకి శబ్దం పెంచమను. ఆనకట్ట తెగగానే సంగీతం ఆగుతుంది, అది మాత్రం నాకు గట్టిగా గుర్తు. అప్పుడు మీరెవరూ దగ్గకండి.

ఏమందో రాయి. తిట్లయితే తిట్లే రాయి, ఒక్కటీ మింగకు. ఆమె తిట్లు వినదగ్గవి.

గుంగ్‌గుంగ్

*

ఓక్లాండ్
మే 18

గుంగ్‌గుంగ్‌కి,

నిన్నటి ఆట సంగతి వరసగా రాస్తున్నాను.

హాలు నిండింది. సగం మంది నన్ను కడిగెయ్యడానికే వచ్చారు. ఇక్కడి చైనాటౌన్ నుంచి ముసలమ్మలు ఒక బస్సెడు దిగారు, వెనక వరసలు వాళ్ళవే, వేయించిన పుచ్చగింజల పొట్లాలతో సహా. నేను స్టేజీ ఎక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఈ సినిమా ముందుభాగం చూస్తే సిగ్గేస్తుంది, నాకూ వేసింది. తోయ్‌సాన్ వచ్చినవాళ్ళు మాత్రం దయచేసి గట్టిగా నవ్వండి, మిగతావాళ్ళం నేర్చుకుంటాం" అన్నాను.

నవ్వారు బాబూ. ఉప్పెక్కువైన పంది కూరకి వెనక వరసలు కుర్చీల్లోంచి జారిపోయాయి. కాసేపటికి పక్కవాళ్ళు వెనక్కి తిరిగి "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అడగడం మొదలుపెట్టారు. ఇసడోరా వేన్ ఏడుస్తూనే ఉంది, ఆవిడ గోల ఎవరికీ పట్టలేదు. నువ్వు గడ్డంతో వచ్చినప్పుడు అమ్మ "మా నాన్న" అని హాలంతా వినబడేలా అంది. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలీదు కదా ఇప్పుడు.

తర్వాత వరద. ఆనకట్ట తెగింది, సంగీతం ఆగింది. తెరకి కుడి పక్క, జడ మెడకి చుట్టుకుని, నడుంలోతు నీళ్ళలో పోపో. నాకన్నా చిన్నది, గుంగ్‌గుంగ్. ఎవరూ నాకు ఆ సంగతి చెప్పలేదు. అందరూ డైరెక్టరు చూడమన్న వైపు చూస్తుంటే తను ఒక్కతే పక్కకి, ఒడ్డువైపు చూస్తోంది. చెయ్యెత్తి అరిచింది. నేను ఊహించుకున్న సన్నటి గొంతు కాదది. బొంగురు గొంతు, అచ్చం అమ్మదే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక వరసలో నవ్వు ఠక్కున ఆగింది.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. "ఊఁ" అంది. పిలిస్తే పలికినట్టు, పైకే అంది.

అంతే, వరద వాళ్ళందరినీ తోసుకుపోయింది, మళ్ళీ బాకాలు మొదలయ్యాయి. అమ్మ ఆట అయ్యేదాకా కదల్లేదు. బయటికొచ్చాక చెప్పింది. నాకు నమ్మకం కుదరక వెనక వరస ముసలమ్మల్ని కూడా అడిగాను, వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటూ అదే చెప్పారు. పోపో డైరెక్టరుని తిట్టలేదు. ఆమె అన్నది ఇది:

"ఏడవకు ఆ లాన్. ఇవి ఉత్తుత్తి నీళ్ళమ్మా. అమ్మ ఇక్కడే ఉంది. వచ్చేస్తున్నా."

మా అమ్మ అక్కడే ఉంది గుంగ్‌గుంగ్, ఆ ఒడ్డు మీద, ఎవరి చంకలోనో. తల్లి మునిగిపోతోందని ఏడ్చి ఉంటుంది. సరిగ్గా వింటే పోపో అరుపు వెనక చంటిపిల్ల ఏడుపు కూడా ఉందని ఒక ముసలమ్మ అంటోంది. నేను వచ్చే ఆదివారం వింటాను. అమ్మ వచ్చే ఆదివారం కూడా అదే కుర్చీ కావాలంది.

సినిమా మీద నా అభిప్రాయం మారలేదు. నువ్వు మాత్రం రావాలి.

మెరెడిత్

*

లాస్ ఏంజిలిస్
మే 20

మేయ్,

సుయ్ ఫాంగ్ నాతో అబద్ధమాడింది. పిల్లని ఆ చలిలోకి తీసుకెళ్ళొద్దని, మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళమనీ నేను పొద్దున్నే గట్టిగా చెప్పాను. సరే సరే అంది. మా అమ్మ ఆ రోజు ఎటో వెళ్ళి ఉంటుంది, ఈవిడ పిల్లని చంకనేసుకుని బస్సెక్కేసింది. ఆ సంగతి కప్పిపుచ్చడానికి డైరెక్టరు మీద పెట్టి ఆ తిట్ల కథ. నేను నమ్మి, అరవై ఏళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు దొరికింది దొంగ. నిలదీద్దామంటే మనిషి లేదు.

నీ ఉత్తరం అందినప్పటి నుంచీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. ఆ మాటలు నా నోటితో పైకి అని చూసుకున్నాను. నాకు వినబడలేదు. అయినా అన్నాను.

శనివారం రైలుకి వస్తున్నాను, స్టేషన్‌కి రా. లొరైన్‌ని నా పక్కన కూర్చోబెట్టు. ఆనకట్ట తెగింది మొదలు నేను తెర వంకే చూస్తుంటాను, ఈసారి లేచి వెళ్ళను. ఆ లాన్ అన్న పిలుపు రాగానే దాన్ని నా చేతిమీద తట్టమను.

గుంగ్‌గుంగ్